దినం తప్పి వచ్చిన ఓబులేసు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, ఒకప్పుడు వందలమంది ఈలలు వేసి చప్పట్లు కొట్టిన మనిషిని నేను, అయినా నన్ను నా పేరుతో పిలిచే ప్రాణి ఒక్కటి కూడా లేని రోజులు నా బతుకులో ఉన్నాయి, ఆ చీకటి సంగతే ముందు చెబుతాను.

మాది బెంగళూరు చిక్కపేట. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే మా అక్క మిషను కుట్టి నన్ను పెంచింది. నా ముక్కు, నా నడక అచ్చం ఒక పెద్ద సినిమా హీరోలా ఉంటాయని పేటంతా అనేవాళ్లు, పండగ పందిళ్లలో ఆయనలా డాన్సు చేస్తే ఇక నన్ను పట్టేవాడు లేడు. తొంభైల్లో ఒక ఆర్కెస్ట్రా మేనేజరు చూసి గల్ఫుకు తీసుకుపోతానన్నాడు. ఓబులేసు అనే పేరుకు టికెట్లు తెగవని, హీరో పేరుకు ముందు 'జూనియర్' తగిలించి అదే నా పేరన్నాడు. మా వృత్తిలో అది మామూలే. మెరుపుల కోటు మా అక్కే కుట్టి ఇచ్చింది.

బహ్రెయిన్, మస్కట్, దుబాయి, ఎక్కడికి పోయినా అదే కోటు, అదే నల్ల కళ్లద్దాలు. ఊరికి దూరంగా పనిచేసే మనవాళ్లు ఆ హీరో మీద ఉన్న ప్రేమంతా నా మీద కుమ్మరించేవాళ్లు, విగ్గు తీసి బయటికొస్తే పక్కన నిలబడి టీ తాగేవాడు కూడా గుర్తుపట్టేవాడు కాదు. పాస్‌పోర్టు మేనేజరు బీరువాలో ఉండేది. గదిలో ఉన్న నలుగురికీ నేను జూనియర్‌నే. వారానికోసారి ఫోన్ కార్డు గీకి చేస్తే మా అక్క మాత్రం "తిన్నావా ఓబులూ" అనేది, ఆ ఒక్క మాట కోసం వారమంతా గడిపేవాణ్ణి. ఆ అక్క పోయిందని కబురు వస్తే, షో ఒప్పుకున్నామని నన్ను పంపలేదు. అక్క కుట్టిన కోటే వేసుకుని ఆ రోజు నవ్వుతూ ఆడాను సహోదరులారా! ఆ తర్వాతే తాగుడు నన్ను మింగింది.

మా గదిలోని మలయాళీ డ్రమ్మరు నన్ను ప్రార్థన కూటానికి లాక్కెళ్లేవాడు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. నేను వెనక వరసలో కూర్చుని టీ బిస్కెట్ల కోసం ఎదురుచూసేవాణ్ణి, వాక్యం ఒక్కటీ తలకెక్కలేదు, ఆరాధన అంటే శుక్రవారం అన్నది మాత్రం బుర్రలో నాటుకుపోయింది.

ఒక రోజు స్టేజి మీదే కూలిపోతే పాస్‌పోర్టు చేతిలో పెట్టి పంపించేశారు. బెంగళూరు తిరిగొచ్చి హూడిలో ఒక గది తీసుకున్నాను. లివరు చెడింది, ఇంకా తాగితే ఎక్కువ కాలం బతకవని డాక్టరు చెప్పాడు, నేనా మానలేకపోయాను. పక్క గదుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పొద్దున తాళం వేస్తారు, చీకటిపడ్డాక తీస్తారు, నేను చచ్చినా వాసన వస్తేగాని ఎవరికీ తెలియదు. గదిలో ఒక్కణ్ణే ఉన్నా నల్ల కళ్లద్దాలు తీసేవాణ్ణి కాదు, తీస్తే అద్దంలో ఎవరు కనపడతారో అని భయం.

చివరికి ఒక పొద్దున, చొక్కా గుండీలు పెట్టుకుని, వీధి చివర రేకుల కప్పున్న ఈ తెలుగు మందిరానికి వచ్చాను. లోపల జనమే లేరు! సుందరమ్మ అనే ముసలామె ఒక్కతే కసువు ఊడుస్తా ఉంది. ఆరాధన ఎప్పుడని అడిగితే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఈ పొద్దు శుక్రవారమప్పా, ఆరాధన ఆదివారం ఉండాది" అంది. దేవుడు కూడా నాకు తాళం వేసుకున్నాడనుకుని వెనక్కి తిరిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి, కూర్చో, ప్రార్థన చేస్తానని చెప్పి పేరడిగింది. జూనియర్ అన్నాను.

"అది దేవునికి తెలుస్తుందేమో గానీ నాకు తెలియదప్పా. ఇంట్లో పిలిచే పేరు చెప్పు."

అక్క పోయాక ఆ పేరు నా చెవినే పడలేదు. ఓబులేసు అన్నాను, కళ్లద్దాలు తీసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఇదో ఓబులేసు వచ్చినాడు. దినం తప్పినాడు గానీ చోటు తప్పలేదు. వీణ్ణి నీ దగ్గర పెట్టుకో" అని ప్రార్థించింది, అంతే.

ఆ సాయంకాలం తాగలేదని అబద్ధం చెప్పను, తాగాను. కానీ మరుసటి శుక్రవారం మళ్లీ వచ్చాను, ఆ పై శుక్రవారమూ వచ్చాను, తాగి వచ్చినా ఆమె "రా ఓబులేసూ" అనే పిలిచింది. అలా పిలుస్తూ పిలుస్తూ ఉండగా ఒక శుక్రవారం సీసా మీదికి మనసే పోలేదు, ఇప్పటికీ పోలేదు. దేవునికే మహిమ! ఆదివారమే వచ్చి ఉంటే మీ అందరి వెనక వరసలో దాక్కుని, టీ తాగి వెళ్లిపోయేవాణ్ణి. నా పొరపాటునే నా తండ్రి దారి చేశాడు.

సుందరమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, ఆమె చీపురు ఇప్పుడు నా చేతిలో ఉంది. ఆదివారం ఇంతమందిలోకి రావడానికి సిగ్గుపడేవారు మీకెవరైనా తెలిస్తే శుక్రవారం పంపండి. ఏం చేశావని అడగను, ఎక్కడ తిరిగావని అడగను. ఇంట్లో పిలిచే పేరు ఒక్కటే అడుగుతాను.