థర్మామీటరు పెరిగిన రోజు

మా అత్త ముందర గాజు పగిలిందని అనకూడదు, పెరిగిందనాలి. చేతి గాజయినా, దేవుడి పటం అద్దమైనా, కాఫీ తాగే గ్లాసయినా ఆమెకు ఒకటే. పగలడం అనే మాట ఇంట్లో వినబడితే నిజంగానే ఏదో పగులుతుందని ఆమె భయం. నేనేమో బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఏ మాటకు ఏది అర్థమో పిల్లలకు రోజంతా చెప్పి ఇంటికొస్తే ఇక్కడ ఈ వ్యాకరణం. పెళ్లయిన కొత్తలో నవ్వేదాన్ని, తర్వాత విసుక్కునేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను.

నోరు మూసుకోవడానికి కారణముంది. అంతకు రెండేళ్ల ముందు నాకు మూడో నెలలో గర్భం పోయింది. ఈసారి ఏడో నెల దాకా వచ్చిందని ఊపిరి పీల్చుకునేలోగా కరోనా రెండోసారి విరుచుకుపడింది. కాన్పుకు జమ్మలమడుగులో మా అమ్మ దగ్గరికి పోవాల్సింది. పెట్టె కూడా సర్దుకున్నాక వాళ్ల వీధిలో వరసగా మూడిళ్లలో జబ్బొచ్చి, వీధి మొదట్లో కట్టెలు అడ్డం కట్టేశారు. మా ఆయన పులివెందులలో ఒక ఆఫీసులో క్లర్కు. రోజూ పదిమంది పట్టుకున్న కాగితాలు పట్టుకునే పని. జబ్బు తెచ్చి నాకెక్కడ అంటిస్తాడోనని, కాన్పయ్యేదాకా ఇంటికి రానని అక్కడే రూము తీసుకున్నాడు. ప్రొద్దుటూరులో నేనూ అత్తా మిగిలాం.

ఇద్దరమే అయినా ఒకే ఇంట్లో రెండు ఊళ్లలా ఉన్నాం. పాలకూ కూరగాయలకూ బయటికి పోయేది ఆమె. అందుకని తనే నాకు దూరం పెట్టుకుంది. పళ్లెం నా గది గడప మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడేది. పాత కాటన్ చీర చింపి కుట్టుకున్న మాస్కు పైన కళ్లు మాత్రం కనిపించేవి. ఆ కళ్లతోనే తిట్టేది కూడా. నేను అన్నం వదిలేస్తే ఆ తిట్టు నాకు తెలిసిపోయేది.

పొద్దునొకసారి, సాయంత్రమొకసారి జ్వరం చూసుకోవాలి. మా ఇంట్లో ఉన్నది పాతకాలపు గాజు థర్మామీటరు. కొత్తది కొందామంటే మందుల షాపుల్లో దొరకని రోజులు. నేను చూసి చెబితే ఆమె నమ్మేది కాదు, బాగలేకపోయినా బాగున్నానంటానని అనుమానం. నోట్లో పెట్టుకుని, సబ్బుతో కడిగి, గడప మీద పెట్టాలి. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, కళ్లజోడు సర్దుకుని చదివి, కొడుక్కి ఫోన్ చేసేది. "నార్మలప్పా" అనేది. ఆ ఒక్క మాట విని ఆయన ఆఫీసుకు పోయేవాడు. రెండు నెలలు మా సంసారం ఆ మాట మీదే నడిచింది.

ఒకరోజు చెకప్ కోసం ఆస్పత్రికి పోక తప్పలేదు. వరండాలో నా వెనక కూర్చున్న మనిషి మాస్కు గడ్డం కిందికి లాగి ఒకటే దగ్గు. "మాస్కు పైకి లాక్కో అప్పా, ఈడంతా కడుపుతో ఉండేవాళ్లం" అని కాస్త గట్టిగానే అరిచాను. ఆయన లాక్కున్నాడు గానీ, అప్పటికే దగ్గాల్సిందంతా దగ్గేశాడు. మర్నాడు పొద్దున లేచేసరికి నాకు గొంతులో గరగర.

అత్తకు చెప్పలేదు. థర్మామీటరు నోట్లో పెట్టుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. బిడ్డ కదులుతూనే ఉంది. ఎంతుందో చూసే ధైర్యం లేక, కడిగి అలాగే గడప మీద పెట్టేశాను. ఆమె తీసుకుంది. సబ్బు తడి ఇంకా ఆరలేదేమో, వేళ్ల మధ్య నుంచి జారి నేల మీది నాపబండలపై పడి రెండు ముక్కలైంది. పాదరసం చిన్న చిన్న పూసలై బయటి గదంతా పరుగెత్తింది.

"నువ్వు ఆడనే ఉండు, ఈ పక్కకు రాకు" అంది. కిటికీలు తెరిచింది. పాత పెళ్లి పత్రిక అట్టతో ఆ పూసల్ని ఒక్కొక్కటే సీసాలోకి ఎత్తి, మూత బిగించి బయట పెట్టి వచ్చింది. ఇంత పనిలోనూ కొడుక్కి ఫోన్ చేసే వేళ దాటిపోతోందని గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని చేసింది.

"థర్మామీటరు పెరిగిందప్పా."

అవతల ఆయన ఏమడిగాడో నాకు వినబడలేదు.

"శానా పెరిగింది. ఇంగ చూసేదానికేం లేదు" అని, తన అలవాటు ప్రకారం ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే పెట్టేసి తలస్నానానికి పోయింది. నా ఫోను బడి గ్రూపుల గోల పడలేక సైలెంట్‌లో దిండు కింద ఉంది. ఆ మాటలు విన్నా నాకేమీ తట్టలేదు. తెలుగు టీచరును కదా, అప్పుడైనా తట్టాల్సింది. నా బుర్ర నిండా గొంతు గరగరే ఉంది.

ఆమె స్నానం చేసి వచ్చాక ఇక దాచలేక చెప్పేశాను. "గొంతు బాగలేదత్తా. జొరం ఉందో లేదో తెలీదు."

ఆమె పోయి మోచేతుల దాకా మళ్లీ చేతులు కడుక్కుంది, మాస్కు మీద ఇంకో గుడ్డ కట్టుకుంది, గడప దాటి లోపలికొచ్చింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత మెడ మీద. రెండు నెలల తర్వాత నన్ను తాకిన మొదటి ఇంటిమనిషి చెయ్యి అది.

"సల్లగుండావు పాపా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. భయం వల్ల కాదు, ఆ చెయ్యి వల్ల.

గంటన్నర గడిచిందేమో, గేటు ముందర బైకు ఆగింది. మా ఆయన. ముద్దనూరు మీదుగా ఒక్క బిగిన వచ్చాడు. దారిలో పోలీసులు ఆపితే "మా ఇంట్లో ఆమెకు జొరం శానా పెరిగింది సార్" అన్నాడట. వాళ్లు కర్ఫ్యూ పాసు కూడా అడగకుండా రోడ్డు చివరికి జరిగి దారిచ్చారట. గేటు బయటే నిలబడి, హెల్మెట్ కూడా తీయకుండా అడిగాడు.

"ఎంతుండాది జొరం?"

"జొరం లేదు."

"పెరిగిందని అమ్మ చెప్పె కదా?"

అప్పుడు తట్టింది నాకు. "పగిలింది" అన్నాను, వీధికంతా వినబడేలా. "థర్మామీటరు కిందపడి పగిలింది."

"ఆ మాట అనొద్దంటి కదా" అంది అత్త వెనకనుంచి.

ఆయన ఆ మట్టిలోనే కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో హెల్మెట్ వల్ల తెలియలేదు. నేను వాకిట్లో, ఆయన గేటు బయట, అంత దూరం నుంచే ఒకరినొకరం కళ్లారా చూసుకున్నాం. అత్త ప్రహరీ గోడ మీద సంగటి ముద్ద, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. తిని వెనక్కి వెళ్లిపోయాడు. ఇంత దూరం వచ్చిన కొడుకును ఆమె గేటు లోపలికి రానివ్వలేదు.

నా గొంతు రెండు రోజుల్లో దానంతటదే తగ్గింది. టెస్టు చేయిస్తే ఏమీ లేదన్నారు. నెలలు నిండి ప్రొద్దుటూరులోనే కాన్పయింది. ఆడపిల్ల.

నెల తిరిగాక బిడ్డను తూకం వేయించుకొచ్చాం. ఇంట్లో అడుగు పెట్టగానే అత్త పులివెందుల ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది.

"పెరిగిందప్పా" అంది.

ఈసారి అవతల ఆయన గొంతు నాకూ వినబడింది. "ఏం పగిలిందిమా?"

ఆ ఒక్కసారికి ఆమె ఆ మాటను పట్టించుకోలేదు. ఒళ్లోని బిడ్డ తల నిమురుతూ, "బిడ్డప్పా. మన బిడ్డ పెరిగింది" అంది.