ఎనిమిది పైసల మహల్

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. పేకలాంటి బొమ్మల ముక్కలతో ఆడే ఆటపెట్టెను ఇంటికి తెచ్చింది కూడా తనే. రైల్వేలో పట్టాల పని చేసిన నా భర్త వెన్నులో జబ్బుతో మంచాన పడిన ఏడాది అది. ఉప్పుగూడలో మాది ఒక్క గది. బిడ్డ కొలువుకు పోతే మిగిలేది మేమిద్దరం.

ఆటలో మొదట చెరి పది ముక్కలు. ఏడు రాగి పైసలు, మూడు గుడిసెలు. వంతుకు అయిదేసి చేతికొస్తాయి. చేతిలో పడ్డ పైసలతో మధ్యలో పరచినవాటిలో ఒకటి కొంటే అది మన కట్టలో కలిసి మళ్లీ మళ్లీ వస్తుంది. రాగి పైసకు ఒకటి లెక్క, వెండికి రెండు, బంగారానికి మూడు. గుడిసెతో ఏమీ కొనలేం. ఒక్క వంతులో ఎనిమిది పడితే మహల్ కొనొచ్చు. మహల్‌లు అయిపోతే ఆట అయిపోతుంది. నేను బొమ్మలు చూసి ఆడేదాన్ని.

ఆయన ఎత్తు ఎప్పుడూ ఒకటే. మొదటి రెండు వంతుల్లో ఒక వెండి పైస, ఒక చీపురు. ఆ చీపురు ముక్కతో గుడిసెలను ఊడ్చేసి, చేతికి పైసలే వచ్చేలా కట్ట పలచగా చేసుకునేవాడు. నేనేమో అగ్గువకు దొరికినవన్నీ కొనేదాన్ని.

"గా కోడిపెట్ట ఎందుకే మల్ల?"

"ఉండనియ్యి. గుడ్లు పెడ్తది."

"గిట్ల చెత్త జమ చేస్తే నీకు ఎనిమిది ఎప్పుడు పడాలె? దుకాణం పెడ్తవా ఏంది?"

తెలియక కాదు. ఆట అయిపోతే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. మరునాటి దాకా మాట ఉండేది కాదు. అందుకే ఆట సాగేలా కొనేదాన్ని. అరగంటకు మించి కూర్చోవద్దని డాక్టర్ చెప్పింది నా ముందే.

ఆఖరి రోజు ఒక్క మహల్ మిగిలింది. నా చేతిలో ఎనిమిది పడింది. ఆయన మొహం నిండా చెమట.

"కొనెయ్యే. నడుము గుంజుతుంది."

"తక్వ పడ్డయి" అని మళ్లీ కోడినే కొన్నాను.

ఆయన తన అయిదు ముక్కలు చూసుకుని, "నాకు గూడ తక్వనే" అని బోర్లించి పక్కన పెట్టాడు. ఇంకో రెండు వంతులు అట్లాగే నడిచాయి. తర్వాత కూర్చోలేక ఒరిగిపోయాడు. ముక్కలను ఎక్కడివక్కడే, అవి పరచుకున్న పళ్లెంతో సహా సజ్జ మీద పెట్టి నడుము ఒత్తాను. పొద్దుగూకినా నొప్పి ఆగకపోతే దవాఖానకు తీసుకుపోయాం. మళ్లీ ప్రాణంతో ఇంటికి రాలేదు.

పదకొండో దినం అయ్యాక పళ్లెం దించాను. ఆయన బోర్లించిన పదిహేను ముక్కలను అయిదేసి తిప్పి చూశాను. మొదటి వంతులో నిజంగానే తక్కువ. రెండో దాంట్లో ఎనిమిది. మూడో దాంట్లో తొమ్మిది.

బిడ్డ రాయడం ఆపి అడిగింది, "ఇద్దరు గూడ కొనలేదా అమ్మా?"

కొనలేదు. ఎవరం కొన్నా ఆయన కాస్త ముందే నడుము వాల్చేవాడు.