నీళ్ల కావిళ్లతో బంతాట నేర్పిన దొర

పోయిన ఆదివారం మన తెలుగు సంఘం సభలో కార్యదర్శిగారు లేచి, "మన తోటకి ఫుట్‌బాల్ నేర్పిన ఇంగ్లీషు దొర పినాంగు జార్జ్ టౌన్ ఆసుపత్రిలో మలేరియాతో కన్నుమూశారు" అన్నారు. కన్నుమూసిన మాట నిజమే. ఇంగ్లీషు మాట మాత్రం అబద్ధం. ఆయన జర్మన్. ఆ ఒక్క కారణానికే బతికినన్నాళ్లూ క్లబ్బుల గుమ్మాల బయట నిలబడిన మనిషిని, పోయాక ఇంగ్లీషువాణ్ణి చేసేస్తే ఎలాగండీ? అదంత సులువైతే ఆయనే ముందు అయిపోయేవాడు.

సొంత దేశంలో ఆడి, మోకాలు పాడయ్యాక కోచ్ అయ్యాడు. సుమత్రాలో పొగాకు తోటల జట్టుకి నేర్పాడు. ఇక్కడి ఇపో ఊళ్లో ఒక దొరల క్లబ్బు పిలిచింది. తీరా వచ్చాక జర్మన్లతో చేసిన యుద్ధం గుర్తొచ్చింది కాబోలు, పొమ్మంది. అప్పుడు మా రబ్బరు తోట మేనేజరు ఆయన్ని మావాళ్లకి పెట్టాడు. ఊరికే పెట్టలేదు. పక్క తోటతో రెండు ఆటలున్నాయి, రెండూ ఓడితే గ్రౌండు దున్నించి రబ్బరు మొక్కలు నాటిస్తానన్నాడు. తెల్లవారకముందే చెట్లు గీసి, ఎండెక్కేదాకా రబ్బరు పాలు మోసే మావాళ్లకి ఆ గ్రౌండు తప్ప వేరే సంబరం లేదు.

నేను తోట బడిలో పంతులమ్మని. దొర ఇంగ్లీషులో చెప్పింది తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. ఆయన రెండు ముక్కలు తిడితే నేను నాలుగు చేసేదాన్ని. ఆయనకి తెలుగు రాదు గనక ఇద్దరికీ హాయి.

వచ్చీ రాగానే పెద్ద పొరపాటు చేశాడు. వట్టికాళ్లతో బంతి తన్నేవాళ్లని చూసి అదిరిపోయి, అందరికీ బూట్లు తెప్పించాడు. పుట్టి చెప్పు ఎరగని కాళ్లవి. వేళ్లు విసనకర్రల్లా విచ్చుకుని ఉంటాయి. జట్టు కెప్టెన్ మా మనవడు అప్పలస్వామి కుంటుకుంటూ వచ్చి, "మామ్మా, బూట్లేసినాక నా కాళ్లు నా మాట ఇనడం లేదు లా!" అన్నాడు. ఇక్కడివాళ్ల 'లా' మావాళ్ల మాటల చివర అలా అంటుకుపోయింది.

"నువ్వు నా మాట ఎప్పుడు విన్నావని, నీ మాట అవి వింటాయిరా?" అన్నాను.

మొదటి ఆటలో ఏడు గోల్స్ తిన్నాం.

మర్నాడు సాయంత్రం అందరూ తిట్లకి సిద్ధమై వరసగా నిలబడ్డారు. నేనూ గొంతు సవరించుకున్నాను. దొర గడ్డిలో కూర్చుని, తన బూట్లు విప్పేసి, తెల్లటి పాదాలతో మధ్యకి నడిచాడు. "తప్పు మీది కాదు, నాది" అన్నాడు. నాకేసి తిరిగి, "ఉన్నదున్నట్టు చెప్పండి మేడమ్, ఈసారి ఏమీ కలపకండి" అన్నాడు. కలపడం ఆయనకి తెలుసన్నమాట! కూలీల ముందు తప్పు ఒప్పుకున్న దొరని అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

నాలుగు రోజులు పొద్దున్నే చెట్ల మధ్య తిరిగాడు. ఐదో రోజు పరుగున వచ్చి బడి తలుపు దబదబా బాదాడు. "మేడమ్! నేను నేర్పాలనుకున్నది వీళ్లకి ముందే వచ్చు!"

ఆయన చూసింది పాలు మోసేవాళ్లని. భుజాన కావిడి, అటూ ఇటూ నిండు బకెట్లు, కాళ్ల కింద చెట్ల వేళ్లు, బురద. అయినా చెట్టు చెట్టుకీ మెలి తిరుగుతారు, చుక్క ఒలకదు. ఆ రోజు నుంచి గ్రౌండులో నీళ్ల కావిళ్లతో పరుగు! ఈలకి ఆగాలి, ఈలకి తిరగాలి, ఒలికితే మళ్లీ మొదటికి. "బంతిని తొందరపడనీ, నువ్వు తొందరపడకు" అనేవాడు. ఆఖరున ఆ నీళ్లు కూలీ లైన్లలో ఇంటింటి తొట్టెల్లో పోయించేవాడు.

"ఏటి దొరా, పెల్లయిన ఇన్నేల్లకి మా ఇంటాయన నీల్లు తెచ్చినాడు! ఈ ఆట ఏడాదంతా ఆడించు లా!" అని ఆడవాళ్లు ఒకటే నవ్వు.

రెండో ఆట నాటికి మావాళ్లు వట్టికాళ్లతో దిగారు. అవతల గట్టు మీద మేనేజరు కుర్చీ వేయించుకు కూర్చున్నాడు. చెరొక గోలు. ఇక ఆట అయిపోతోందనగా బంతి అప్పలస్వామికి దొరికింది. ఇద్దరు మీదకొచ్చారు. వాడు భుజం వంచాడు, అచ్చం కావిడి ఉన్నట్టే! ఎడమకి మెలి తిరిగాడు, వాళ్లిద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారు, వీడు కుడికి తిరిగాడు, తన్నాడు, గోల్! నేను అరిచిన అరుపుకి పక్కనున్న తోట ఆఫీసు గుమాస్తా టోపీ ఊడిపడింది. అరిచింది ఇంగ్లీషులోనో, తెలుగులోనో, ఇప్పటికీ తేలలేదు.

దొర ముందు ఓడినవాళ్ల దగ్గరికి పోయి చేతులు కలిపాడు. ఆ తర్వాతే మావాళ్లని కావలించుకున్నాడు. మేనేజరు మొక్కల సంగతి మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడే దొర జావా పోయాడు, అక్కణ్ణుంచి పినాంగు. ఎక్కడా రెండేళ్లు నిలవనివ్వలేదు ఆయన్ని. కానీ ఆయన నిలబెట్టిన గ్రౌండు నిలిచింది. నాలుగు పక్కలా రబ్బరు చెట్ల చీకటి. ఆ ఒక్క నలుచదరం మీదే ఎండ తిన్నగా దిగుతుంది.

వచ్చే ఆదివారం నాలుగింటికి ఆయన పేరున అక్కడ ఆట ఉంది. వానలకి గీతలన్నీ కొట్టుకుపోయాయి. కార్యదర్శిగారూ, ఇపో బజారు నుంచి రెండు బస్తాల సున్నం మీరే తేవాలి. తాంబూలంలోకి వేసే తడి సున్నం కాదు, గోడలకి వేసే పొడి సున్నం. బండిలో తడవకుండా పైన గోనె కప్పించండి, మూడింటికల్లా గ్రౌండు దగ్గర దింపించండి.