చివరి వారం కరెంటు పోయిన సీరియల్

మొన్నామధ్య ఒక ఆదివారం మా అమ్మాయి కాకినాడ నుంచి వచ్చి, చేతిలో సంచి అయినా కింద పెట్టకుండా, ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "అమ్మా, నువ్వూ పెద్దమ్మా ఎప్పుడూ చెప్పుకునే సీరియల్ లేదూ, దాన్ని సినిమా తీశారు చూడు" అంది. చూశాను. ఆకాశం నుంచి గోదావరి, ఆకాశం నుంచి వరిచేలు, ఆకాశం నుంచి కొబ్బరితోటలు. మనుషుల్ని నేల మీద నిలబడి చూపించే ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆ తర్వాత ఒక అమ్మాయి, అప్పుడే కొట్లోంచి తెచ్చిన మడత విప్పినట్టున్న చీర కట్టుకుని, భవంతిలాంటి హోటల్లో అన్నం వడ్డిస్తోంది. మా సీరియల్లో ఆ హోటలు ఒక తాటాకు పాక, వడ్డించే మనిషి చీర కొంగుకు మసి ఉండేది.

ఆ సీరియల్ పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆ సినిమా వాళ్ళకు ఊరికే ప్రచారం చేసిపెట్టినట్టవుతుంది, వాళ్ళ మీద నాకున్న కోపానికి అంత ఉపకారం చేయబుద్ధి కావడం లేదు. మొగుడు వదిలేసి పట్నం పోతే, రైల్వే స్టేషను పక్కన భోజనం హోటలు పెట్టుకుని నిలదొక్కుకున్న ఒక ఆడమనిషి కథ అది. వారానికొక అరగంట చొప్పున ఒక చలికాలంలో వచ్చి, ఆ చలికాలంలోనే అయిపోయింది.

మా అమ్మాయి వాదన ఏమిటంటే, పాత సీరియల్‌ని సినిమా తీయడం కంటే తేలికైన పని లేదట. కథ సిద్ధంగా ఉంది, దాన్ని తలుచుకుని కళ్ళు తుడుచుకోవడానికి మాలాంటి వాళ్ళు సిద్ధంగా ఉన్నారు, సాగదీసిందంతా కత్తిరించి రెండున్నర గంటల్లో చెప్తే ఇంకా చిక్కగా ఉంటుందట. పాలు మరగబెడితే చిక్కబడతాయి గానీ కథ మరగబెడితే అడుగంటుతుంది. సీరియల్ అంటే ఆ అరగంట అని మీరూ నేనూ ఏనాడైనా అనుకున్నామా? శుక్రవారం సాయంత్రం చూసింది అరగంట, మళ్ళీ శుక్రవారం దాకా దానితో కాపురం చేశాం. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, పిడకలు ఎండబెడుతూ, పిల్లలకు జడలు వేస్తూ, హోటలావిడ తనకు అప్పిచ్చిన షావుకారు మాట వింటుందా వినదా అని తగువులు పడ్డాం. ఆ అరగంటలన్నీ సినిమా వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కోగలరు, మధ్యలో ఉన్న వారాల్ని ఎక్కడ కొంటారు? అందుకే పాత సీరియళ్ళు సినిమాలకు పనికిరావని నేను ఖరాఖండిగా చెప్తున్నాను, కాదనే వాళ్ళెవరైనా ఉంటే రాజమండ్రి వచ్చి నాతో వాదించుకోవచ్చు.

నా కోపానికి అసలు కారణం మాత్రం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు మా ఊరు చెప్పాలి.

మాది అమలాపురం దాటాక కాలవ గట్టు మీది ఊరు. ఊళ్ళో టీవీ ఎరువుల కొట్టు బాబాయి గారింట్లో ఉండేది. నలుపు తెలుపు టీవీయే గానీ, ఊరందరికీ రంగులు చూపించాలని ఆయన దాని ముందు ఒక రంగుల అద్దం తగిలించారు: పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. అందువల్ల మా కథానాయిక నిలబడితే నుదురు నీలంగా, చీర పచ్చగా ఉండేది, కూర్చుంటే మొహమంతా ఎర్రబడిపోయేది. ఏడవవలసినప్పుడల్లా ఆవిడ కూర్చునే ఏడ్చేది కనక మాకది బాగానే అతికింది. ఎవరి చాప వాళ్ళం తెచ్చుకుని, వీధి గుమ్మం దాకా సర్దుకుని కూర్చునేవాళ్ళం.

కోతలకు వెళ్ళే వాళ్ళూ, చేపల గంపలతో పై ఊళ్ళు తిరిగే వాళ్ళూ అన్ని వారాలూ రాలేరు గదా. వాళ్ళ కోసం శనివారం పొద్దున కాలవ రేవులో కథ చెప్పడం ఉండేది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పి తీరాలి, అది మా ఊరి కట్టుబాటు. ఆ చెప్పడంలో మా మేనత్తను మించినవాళ్ళు లేరు. నాన్నగారి అక్క ఆవిడ. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆవిడ మొదలుపెడితే రేవులో బట్టలు బాదే చప్పుడు ఆగిపోయేది. చెప్పడానికి ఆవిడ పెట్టిన షరతు కూడా ఒకటుంది: ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, సొంత కవిత్వం కలపకూడదు. ఎవరైనా కాస్త కలిపి చెబితే అక్కడికక్కడే కడిగిపారేసేది, అందుకే ఆవిడ మాటంటే ఊళ్ళో అంత నమ్మకం.

ఆ ఏడు దీపావళికి ముందు మా అక్క తుని నుంచి వచ్చేసింది. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. బావ కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కొట్టుకు వెళ్ళేటప్పుడు ఇంటికి బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు, అంతే. ఆ "అంతే" నా మాట కాదు, మా ఊరి పెద్దలందరూ అన్నమాట. తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు, తాళం వేస్తే దొంగల భయం కూడా ఉండదు గదా అన్నారు. ఒకరోజు అతను తాళం వేయడం మరిచిపోతే అక్క చేతిసంచితో బస్సెక్కేసింది. దింపి వస్తానని నాన్నగారు, నలుగురిలో పరువు పోతుందని వంటింట్లో అమ్మ. అక్క వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. ఎవరేమన్నా తల వంచుకుని విని, శుక్రవారం రాగానే చాప చంకన పెట్టుకుని టీవీకి బయల్దేరేది. తక్కిన వారమంతా అక్క నోట మాట రావడం నేను వినలేదు.

చివరికి ముందు వారం, వదిలేసి పోయిన మొగుడు తిరిగొచ్చాడు. హోటలు తలుపు వేసి ఉంది, బయట అతను నిలబడి పిలుస్తున్నాడు, లోపల ఆవిడ గడియ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఉండగా పాట వచ్చి పేర్లు పడ్డాయి. నా పక్కన కూర్చున్న అక్క నా మణికట్టు పట్టుకుని ఉంది, ఆ పట్టుకు నా గాజు చిట్లింది. తాళం బయట ఉండే ఇంట్లోంచి వచ్చిన మనిషికి, గడియ లోపల ఉన్న ఆ తలుపు సంగతి ఏమవుతుందో తెలియడం ఎంత అవసరమో నాకు ఆ వయసులోనే అర్థమైంది.

చివరి శుక్రవారానికి గోరుచుట్టు మీద రోకటిపోటులా తుఫాను వచ్చింది. ఆ తుఫాను సంగతి మన వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పడిన కొబ్బరిచెట్లు, ఒరిగిన స్తంభాలు, చేలల్లో నీళ్ళు. బాబాయి గారు ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి టీవీకి తగిలించారు గానీ, యాంటెన్నా కాలవలో ఉంటే టీవీ మాత్రం ఏం చూపిస్తుంది, తెల్లటి చుక్కలు తప్ప. ఊళ్ళో ఒక్క ప్రాణి చివరి వారం చూడలేదు. నీళ్ళు తీశాక తుని నుంచి కబురొచ్చింది, బావా ఆయన మేనమామా అక్కను తీసుకెళ్ళడానికి వస్తున్నారని.

కబురు వచ్చిన మర్నాడే మా మేనత్త వచ్చింది. తుఫానుకు ముందే ఆవిడ కంటి ఆపరేషనుకని రాజమండ్రి వెళ్ళి, తన ఆడపడుచు ఇంట్లో ఉండిపోయింది. ఒక కంటి మీద పచ్చగుడ్డ వేలాడుతోంది. ఇంట్లో సంగతంతా అమ్మ చెబితే విని, అక్క మొహం కాసేపు చూసి, భోంచేసింది. మర్నాడు పొద్దున రేవులో ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు, రాజమండ్రిలో కరెంటు ఉంది గదా, చివరి వారం చూశావా అని.

"చూడక? తలుపు తీసిందే. తీసి, తను బయటికొచ్చి, వెనకాల తలుపు దగ్గరికేసేసింది. అతన్ని అరుగు మీద కూర్చోబెట్టింది. గ్లాసుడు మజ్జిగిచ్చింది. ఎండన పడి వచ్చారు, తాగి వెళ్ళండి, అంది. అంతే. పేర్లు పడిపోయాయి" అంది అత్త.

కన్నుకు కట్టు పెట్టుకుని ఎలా చూశావు వదినా అని ఎవరో అడిగారు. కట్టు కట్టింది ఒక కన్నుకే, రెండోది దేవుడు ఊరికే ఇచ్చాడా అంది అత్త, బిందె చంకన పెట్టుకుంటూ. నేను అక్క వైపు చూశాను. నెలరోజుల తర్వాత మొదటిసారి తల ఎత్తుకుని ఉంది.

సాయంత్రానికి ఈ ముగింపు నాన్నగారి దాకా వెళ్ళింది. రేడియోలో వార్తలు వచ్చేటప్పుడు కాలు మీద కాలు కూడా వేసుకోని మనిషి ఆయన. టీవీలో అలా వచ్చిందంటే ఆయన చాలాసేపు ఉత్తరీయం చివర నలుపుతూ కూర్చుని, ప్రభుత్వం వాళ్ళు ఆలోచించకుండా వేస్తారా అన్నారు. ఇప్పుడు మీకు నవ్వు రావచ్చు గానీ, ఆయనకు ధైర్యం చెప్పడానికి ఊళ్ళో ఇంకెవరున్నారు? పెద్దలందరూ అవతలి వైపే ఉన్నారు.

బావ, ఆయన మేనమామ వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది, ఎండ ఊసే లేదు. అక్క లోపల్నుంచి వచ్చి, వీధి తలుపు వెనకాల దగ్గరికి వేసి, ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, "ఎండన పడి వచ్చారు, తాగి వెళ్ళండి" అంది. బావ గ్లాసు పట్టుకుని ఆకాశం వైపు చూశాడు. మేనమామ లేచి, ఇదెక్కడి మర్యాదండీ అని నాన్నగారి మీదికి వస్తే, ఆయన జంకకుండా టీవీలో కూడా ఇలాగే జరిగింది కదండీ అన్నారు. "అదేంటండీ, మేం తునిలో చూసినప్పుడు..." అని అతను మొదలుపెట్టాడు.

"మీరు చివరిదాకా చూశారా బాబూ? ప్రకటనలు రాగానే లేచిపోయుంటారు" అంది అత్త, గుమ్మం పక్కనుంచి.

అతను నోరు తెరిచి, ఏదో లెక్క చూసుకుని, మళ్ళీ మూసేశాడు. మేం అత్త మాట తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం, అంతకు మించి ఆలోచించలేదు. అక్క తిరిగి తుని వెళ్ళలేదు. కుట్టు నేర్చుకుంది, ముందు జాకెట్లు, తర్వాత చుట్టుపక్కల బళ్ళన్నిటికీ యూనిఫారాలు. నవ్విన నాపచేనే పండింది. ఇవాళ్టికీ ఆవిడ కొట్టు తాళంచెవి ఆవిడ బొడ్డులోనే ఉంటుంది.

సరే, సినిమాకు వెళ్ళాం. అక్క పొద్దున్నే బస్సులో రాజమండ్రి వచ్చేసింది, ఇస్త్రీ చీర కట్టుకుని, చుట్టాల పెళ్ళికి వచ్చినట్టు. చివరి ఘట్టం వచ్చేసరికి ఇద్దరం కుర్చీల్లో ముందుకు జరిగాం. ఆవిడ గడియ మీద చెయ్యి వేసింది. తలుపు తీసింది. బయట వాన మొదలైంది, దానితోపాటు పాట మొదలైంది, ఆవిడ అతని కాళ్ళకు దండం పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత హోటలు మీద అతని పేరుతో కొత్త బోర్డు. నాకు ఒళ్ళు మండిపోయి, "ఇది కాదు!" అని పైకే అరిచాను. ముందు వరుస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. తిరగనివ్వండి, టికెట్టు నేనూ కొన్నాను.

బయటికి వచ్చాక మా అమ్మాయి నన్ను చల్లబరచాలని, ముగింపు వాళ్ళు మార్చలేదమ్మా, పాతది ఉన్నట్టే తీశారు అంటూ ఫోనులో ఆ సీరియల్ చివరి వారం పెట్టింది. ఎవరో భద్రంగా దాచి, అందరూ చూసేలా పెట్టారట. రంగుల అద్దం లేదు కనక ఆవిడ నుదురు మామూలుగా ఉంది. తలుపు తీసింది. కాళ్ళకు దండం పెట్టింది. అతను లోపలికి వెళ్ళాడు, పేర్లు పడ్డాయి. అరుగూ లేదు, మజ్జిగా లేదు. తుని మేనమామ చివరిదాకా చూశాడన్నమాట.

నా సంగతికేం, అక్క ఎలా తట్టుకుంటుందోనని నా భయం. ఒక మనిషి ఇన్నేళ్ళ బతుకు ఆ గ్లాసుడు మజ్జిగ మీద నిలబెట్టుకుంది, ఇప్పుడు అదే లేదంటే? ఫోను లాక్కుందామనుకునే లోపే అక్క దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొత్తం చూసేసింది. చూసి మా అమ్మాయికి తిరిగి ఇచ్చేసి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పాపం, ఈ తీసినవాళ్ళ ఊళ్ళో చివరి వారం కరెంటు పోయుంటుందే. ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు" అంది. అని, ఆటోను పిలిచింది.

ఇప్పుడు కరెంటు పోయినా కథలు ఆగవు, ఎవరి జేబులో చూసినా ముగింపు ఉంటుంది. తాళం వేసిన ఇంట్లో కూర్చున్న పిల్ల కూడా ఒక్క వేలితో దాన్ని చూసేసుకోవచ్చు, అది ఆ పిల్లకు పనికొచ్చే ముగింపో కాదో చెప్పడానికి పక్కన మేనత్త ఉండదు. మా రేవులో ఇప్పుడు బట్టలు ఉతికేవాళ్ళు లేరు. చాపలు తెచ్చుకున్న వాళ్ళలో సగం మంది లేరు, అత్త ఎప్పుడో పోయింది. ఉండి, నేను నిలదీసి అడిగినా, ఆ రెండో కన్ను సంగతే చెప్పి ఉండేది. హోటలావిడ తలుపు దగ్గరికి వేసిందని అత్త చెప్పేటప్పుడు రేవంతా ఊపిరి బిగబట్టిన ఆ పొద్దు నేనింకా మరిచిపోలేదు.

అందుకే ఎవరు ఎన్ని సినిమాలు తీసినా, ఎంతమంది ఎన్ని ఫోనుల్లో చూపించినా నేను ఒప్పుకోను. మీలో ఎవరికైనా ఆ సీరియల్ ముగింపు సరిగా గుర్తు లేకపోతే నన్ను అడగండి. ఆవిడ బయటికొచ్చి, వెనకాల తలుపు దగ్గరికి వేసి, అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి పంపేసింది. ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను, సొంత కవిత్వం ఏమీ కలపలేదు.