సంచిలో జెండా

గోదావరిఖని నుంచి శ్రీరాంపూర్ వెళ్లే బస్సులో, కాటలోనియా స్వాతంత్ర్యం కోరిన ఒక చిన్న వామపక్ష పార్టీ చరిత్ర చదువుతున్నాను. పక్క సీట్లోని రిటైరైన గని కార్మికుడు అదేం పుస్తకమని అడిగాడు. స్పెయిన్ నుంచి విడిపోదామన్న పార్టీ చివరికి తానే రెండుగా చీలిందని చెప్పాను.

"చీలినంక ఒకల సావుకు ఒకలు పోయిండ్రా?" అన్నాడు.

తెలియదన్నాను.

ఆయన ఒళ్లోని సంచి తెరిచి, మడతపెట్టిన ఎర్రజెండా చూపించాడు.

"మా కార్మిక సంఘం చీలినంక, అటుదిక్కు పోయిన నా దోస్తుతోని మాట్లాడలే. పొద్దుగాల సచ్చిపోయిండట. వాళ్ల జెండా కప్పే ఉంటరు. నాది గూడ కప్పనిస్తరో లేదో."

శ్రీరాంపూర్‌లో దిగుతూ, "కప్పనియ్యకుంటే కాళ్లకాడ పెట్టొస్త" అన్నాడు.

పుస్తకం చివరిదాకా వెతికాను. ఎవరి చావుకు ఎవరు వెళ్లారో ఎక్కడా రాయలేదు.