మన గోడ పిలిచినాక

మోర్ధానా ఊరికి పోయే బస్సు తమిళనాడులోని గుడియాత్తంలో మా ఇంటి గోడ పక్కనే మలుపు తిరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ మలుపులో ఎంత నెమ్మదిగా గడిచేవంటే, బస్సు లేపిన దుమ్ము మళ్ళీ నేలకు దిగేలోపు నేనొక కునుకు తీసి లేచేదాన్ని. ఆ గోడ కట్టింది మా నాయన. ఊళ్ళో ఎందరి ఇళ్ళకో పని చేసిన మేస్త్రీకి సొంత గోడకు పూత వేసే తీరిక మాత్రం ఎన్నేళ్ళైనా దొరకలేదు. అందుకే ఒక కూల్‌డ్రింకు కంపెనీవాళ్ళు వచ్చి, పూత పూసి రంగు వేస్తాం, మా బొమ్మ ఉండనివ్వండి అనగానే సరేనన్నాడు.

బొమ్మ వేయడానికి రెండు రోజులు పట్టింది. పట్టుచీర, ముక్కుపుడక, నెరిసిన కొప్పు ఉన్న ఒక అవ్వ ఇత్తడి చెంబుతో ఎర్రటి కూల్‌డ్రింకు అందిస్తోంది. చెంబు అంచున నురగ. పక్కన పెద్ద పెద్ద అరవ అక్షరాలు. మా నాయన తల్లికి, అంటే మా అవ్వకు, అరవమూ తెలుగూ నోటికి బాగా వచ్చు గానీ చదవడం ఏదీ రాదు. ఏం రాశారని నన్నడిగింది.

"దప్పికైనోళ్ళు రండి, ఇది మన పెద్దోళ్ళ మర్యాద అని రాసినారవ్వా" అన్నాను. అంగట్లో కొనుక్కోమని దాని అర్థమని చెప్పలేదు. ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. పొరపాటు నాదే.

మర్నాడు అరుగు మీద మజ్జిగ కడవ వెలిసింది. మా అమ్మ తల పట్టుకుంది.

"అది అడ్వర్టైజ్‌మెంటు అత్తా! మనమెందుకు పోయాల?"

"మన గోడ పిలిచినాక, వచ్చినోళ్ళకు లేదనేది ఎట్లమ్మా?" అంది అవ్వ.

మేం నవ్వుకున్నాం. కానీ జనం నిజంగానే వచ్చారు. మొదట బొమ్మ చూసి ఆగారు, తర్వాత మజ్జిగకు ఆగారు. అవ్వ అరుగు మీద నిలబడి, చెంబు బాగా పైకెత్తి, వాళ్ళ దోసిళ్ళలోకి సన్నటి ధారగా పోసేది. "మెల్లగా తాగు నాయనా, బస్సు యాడికీ పోదు" అనేది. నిజమే, పోయేది కాదు. డ్రైవరు కూడా వరసలోనే ఉండేవాడు. ఇంట్లో నా అన్నంలోకి పెరుగు లేకుండా పోయిందని నేను అలిగాను. నా అలకను పట్టించుకున్న నాథుడు లేడు.

ఏడాదికొకసారి గోడ ఎలా ఉందో చూసిపోవడానికి కంపెనీ మనిషి వచ్చేవాడు. ఒకసారి దోసిలి పట్టి మూడుసార్లు పోయించుకుని తాగి, ఫోన్లో అవ్వను ఫోటో తీసుకున్నాడు. అవ్వ కొంగు సర్దుకుని, చెంబు ఇంకాస్త పైకెత్తింది. ఆ రోజంతా ఆమె ముఖం వెలిగిపోతూనే ఉంది.

మూడేళ్ళకు గోడ మీది రంగులు వెలిశాయి. అవ్వ కళ్ళకూ పొర కమ్మింది. వేలూరులో ఆపరేషన్ చేయించాక, మళ్ళీ ఒకసారి డాక్టరుకు చూపించడానికి ఆమెను రైల్లో తీసుకుని వేలూరు పక్కనే ఉన్న కాట్పాడిలో దిగాను. కొత్త చూపుతో అవ్వ ప్రతిదాన్నీ ఆగి ఆగి చూస్తోంది, కలలో నడుస్తున్నట్టు. స్టేషను బయటికి రాగానే ఆగిపోయింది.

ఎదురుగా ఆకాశమంత హోర్డింగు. ఆ కంపెనీదే. ఇప్పుడు వాళ్ళు ప్యాకెట్లలో మజ్జిగ అమ్ముతున్నారు. ఎవరో నటి అవ్వ వేషం కట్టి, అరుగు మీద నిలబడి, చెంబు పైకెత్తి దోసిట్లోకి ధార పోస్తోంది. కింద అరవంలో మా అవ్వ మాటే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

"ఎవరు పాపా ఆమె?"

"తెలీదవ్వా."

"చెయ్యి బాగా ఎత్తి పోస్తా ఉండాది. ఏమని రాసినారు?"

"మెల్లగా తాగు నాయనా అని."

అవ్వ తృప్తిగా తలూపింది. "మంచి మనిషి. నాకూ నోరు ఎండిపోతా ఉండాది" అంటూ నా చెయ్యి వదిలేసి హోర్డింగు వెనక్కి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. వెనకాల ఇనుప కమ్ములు, ముళ్ళకంప, ఖాళీ జాగా. అవ్వ అరుగు కోసం వెతికింది, తలుపు కోసం వెతికింది. దోసిలి అప్పటికే పట్టి ఉంది.

"ఇంత గట్టిగా పిలిచి, యాడికి పోయినారు పాపా వీళ్ళు?"

నా సంచిలోని నీళ్ళ సీసా తీసి, చెయ్యి పైకెత్తి, ఆమె దోసిట్లోకి సన్నగా పోశాను. అవ్వ వంగి తాగింది. మెల్లగా తాగవ్వా అనాలనుకున్నాను. ఆ మాట ఇప్పుడు హోర్డింగుకు అవతలి వైపున ఉంది.