రెండు సుత్తి దెబ్బలు

అనకాపల్లి దగ్గరి ఆ చెరకు ఫ్యాక్టరీలో తాతబ్బాయి పేరు చెబితే మిల్లుహౌసంతా హడల్. హెడ్ ఫిట్టరు మరి. ముక్కు మీద కోపం అంటారు గానీ, అతని కోపం ముక్కు దగ్గర ఆగే రకం కాదు. కోటవురట్ల వైపు చెరకు పండించే ఇంట పుట్టి, ఆ చెరకుని పిప్పి చేసే యంత్రాల దగ్గర వయసంతా ఖర్చు పెట్టాడు. స్పేనరు తప్పు చోట పెడితే తిడతాడు. సరైన చోట పెడితే ఇంతసేపా అని తిడతాడు. యంత్రాల హోరులో ఆ తిట్లు సగం ఎవరికీ వినపడవు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఒక్కడూ అక్కడ పనిలో నిలిచేవాడు కాదు.

అందరినీ తిట్టే ఆ మనిషి ఒక్క నానాజీని మాత్రం తిట్టడు. తిట్టాలంటే మాట్లాడాలి కదా! నానాజీ అతని చెల్లెలు శ్రీదేవి మొగుడు, అదే మిల్లులో రెండో ఫిట్టరు. ఇద్దరి మధ్యా మాటల్లేక ఏళ్ళయింది. పక్కపక్కనే క్యారేజీలు విప్పుకుంటారు, ఒకడు గోడవైపు తిరిగి, ఇంకొకడు గుమ్మం వైపు తిరిగి.

ఆ తగువు ఇలా మొదలైంది. చెరకు నలిపే రోలరు పైన మంచమంత ఇనుప మూత ఉంటుంది. దాన్ని అటూ ఇటూ మోకాలెత్తు బోల్టులు పట్టి ఉంచుతాయి. బిగించడానికి ఒక ఫిట్టరు ఇటు నిలబడతాడు, ఒకడు అటు. మూత అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. పక్క మిల్లులు ఆగవు కాబట్టి అరిచినా వినపడదు. అందుకని పాత ఫిట్టర్లు ఒక అలవాటు పెట్టారు. తన వైపు బోల్టు తలమీద సుత్తితో ఒక దెబ్బ కొడితే, నాది అయింది, నువ్వు తిప్పు అని. రెండు దెబ్బలు కొడితే, చెయ్యి తీసెయ్ అని. ఆ దెబ్బ ఇనుములోంచి పాకి అవతలివాడి అరచేతికి తగులుతుంది.

ఒక సీజనులో మూత దింపుతున్నారు. తాతబ్బాయి ఎడమచెయ్యి బోల్టు మీద ఉంది, కుడిచెయ్యి మూత కింద రేకు సర్దుతోంది. అవతల నానాజీ మూతని పట్టి ఉంచిన గొలుసు వదిలాడు. మూత కూర్చుంది. తాతబ్బాయి చిటికెన వేలూ ఉంగరం వేలూ పోయాయి.

"రెండు దెబ్బలు కొట్టే వదిలేను బావా, అమ్మతోడు," అని ఆస్పత్రి వరండాలో నానాజీ ఏడ్చాడు.

"కొట్టనేదు," అన్నాడు తాతబ్బాయి.

శ్రీదేవి మొగుడి మాటే నమ్మింది. ఆ రోజుతో తాతబ్బాయికి బావా లేడు, చెల్లెలూ లేదు. దాని గుమ్మం తొక్కలేదు. రెండో బిడ్డ పుట్టిందని కబురొస్తే, "ఎవరికి?" అన్నాడు.

ఈ సీజనులో మూడో మిల్లు మూత అందరి ప్రాణం తీసింది. బోల్టులు ఎంత బిగించినా మర్నాటికి వదులైపోతున్నాయి. వాషర్లు మార్చారు, బోల్టులు మార్చారు, స్పేనరుకి ఇంకా పొడుగు గొట్టం తొడిగి లాగారు. మిల్లు ఆగిన ప్రతిసారీ చెరకు ట్రాక్టర్లు రోడ్డు మీదకి బారులు కట్టాయి. రైతులు గేటు దగ్గర నోటికొచ్చినట్టు తిట్టారు. "ఆడి వైపే జారతంది," అని తాతబ్బాయి అందరితో అన్నాడు. నానాజీ కూడా సరిగ్గా అదే మాట అన్నాడు.

కొత్త ఇంజనీరు పద్మకుమారి పాయకరావుపేట పిల్ల. నోరు తక్కువది కాదు. ఓ పూటంతా నిలబడి వీళ్ళ బిగింపు చూసింది. మూత అంచు కింద సన్నటి రేకు దోపి చూసింది. ఒకవైపు దూరలేదు, రెండోవైపు సులువుగా దూరిపోయింది. ఇద్దర్నీ పిలిచింది.

"బోల్టుల్లో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా మీ ఇద్దరిలోనే. ఈయన తన వైపు మొత్తం బిగించేత్తన్నారు, మూత ఇటు ఒరుగుతోంది. తరవాత ఆయన బిగిస్తే అటు కూర్చుంటోంది, ఈయన బోల్టు పట్టు వదిలేస్తోంది. కొంచెం మీరు, కొంచెం ఆయన. వంతులేసుకుని బిగించాలని మీకు తెలీదా?"

తాతబ్బాయికి తెలియక కాదు. తనే ఎందరికో నేర్పాడు. కానీ వంతులంటే దెబ్బ కొట్టి చెప్పాలి. ఆ దెబ్బల ఊసు ఎత్తడం ఇద్దరికీ ఇష్టం లేదు. అందుకే ఎవడి వైపు వాడు పళ్ళు బిగపట్టి ఒకేసారి లాగేసి పోతున్నారు.

"ఆడికీ నాకూ మాటల్లేవు మేడమ్."

"మాటలెవరడిగేరు? సుత్తి ఉంది కదా. ఇంకోసారి వదులైతే ఇద్దర్నీ చెరకు యార్డుకి పంపేత్తాను. ట్రాక్టర్లకి దారి సూపించుకుందురు గాని."

తాతబ్బాయి మొహం మాడిపోయింది. మిల్లుహౌసులో హెడ్డుగా బతికినవాడు యార్డులో దుమ్ము తింటూ విజిల్ ఊదడమా? దానికంటే మిగిలిన వేళ్ళు కూడా పోయినా నయం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మూడో మిల్లు ఆపి పని మొదలుపెట్టారు. తాతబ్బాయి తన బోల్టు కాస్త తిప్పి, తలమీద ఒక దెబ్బ కొట్టాడు. అవతల ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాడు. లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. కావాలనే చేస్తున్నాడు దొంగ వెధవ! నన్ను యార్డుకి తోసి హెడ్డు అవుదామని! స్పేనరు చేత్తో పట్టుకునే మిల్లు చుట్టూ తిరిగి వెళ్ళాడు. దాంతో ఏం చేయబోతున్నాడో అతనికే తెలియదు.

నానాజీ బోల్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

తాతబ్బాయి అతని చెవి దగ్గర అరిచాడు. "ఏరా, కొడితే తెలవనేదా?"

"నువ్వు కొట్టనేదు కదా."

"కొట్టేనురా! ఒకసారి కాదు, మళ్ళీ కూడా కొట్టేను!"

"కొట్టనేదు బావా. నా సెయ్యి దీని మీదే ఉంది."

అబద్ధం అనబోయి తాతబ్బాయి ఆగిపోయాడు. కొట్టనేదన్న ఆ మాట తనదే. ఆస్పత్రి వరండాలో తను అన్న మాట. వెనక్కి నడిచి, తన బోల్టుని మళ్ళీ కొట్టి చెవి పెట్టాడు. దబ్‌మంది. వదులు బోల్టు దబ్‌మంటుంది, అక్కడే చచ్చిపోతుంది. బిగిసింది ఖంగుమని అవతలికి పోతుంది. దెబ్బ విని బోల్టు సంగతి చెప్పగల మనిషికి ఇన్నేళ్ళూ ఇది తట్టలేదు. దింపుతున్న మూతకి బోల్టులెప్పుడూ వదులుగానే ఉంటాయి, ఆ రోజూ అంతే.

అతనికి జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. వాడు అబద్ధాలకోరు అయితేనే బాగుండును అనిపించింది. ఆ వేళ్ళకి బదులుగా తను పట్టుకుని బతికింది ఆ కోపమొక్కటే, దాన్నీ లాక్కున్నారు. ఇప్పుడు చెల్లెలి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

మొదటి వంతులకి పద్మకుమారి ఇద్దరికీ కనపడేలా చివర నిలబడి చెయ్యెత్తి చూపింది. బోల్టులు బిగిసే కొద్దీ దెబ్బ దానంతటదే అటూ ఇటూ నడిచింది. ఆఖరి వంతుకి మోచేతి దాకా జివ్వుమంది. పద్మకుమారి రేకు పట్టుకుని మూత చుట్టూ తిరిగింది. ఎటూ దూరలేదు. యార్డు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

సామాన్లు సర్దుకునే వేళకి అవతల నుంచి తాతబ్బాయి అరచేతికి ఒక దెబ్బ తగిలింది. వెంటనే ఇంకొకటి. పని అయిపోయాక ఆ రెండు దెబ్బలతో అవసరం లేదు. అయినా నానాజీ కొట్టాడు.

తాతబ్బాయి మూడు వేళ్ళ చెయ్యి ఇంకా బోల్టు మీదే ఉంది. కాసేపు అలాగే ఉంచాడు. తరవాత చెయ్యి తీసేశాడు.